ఆసుపత్రిలో ఉన్న పిల్లల భయం తగ్గించడానికి వీఆర్ హెడ్‌సెట్ ఎలా వాడాలి: ఒడిశా సరిహద్దు వార్డుల కోసం పూర్తి మార్గదర్శి

బరంపురం నుంచి జయపురం దాకా ఈ సరిహద్దు జిల్లాల్లో ఏ పెద్దాసుపత్రి పిల్లల వార్డులోకి వెళ్లినా కొన్ని మంచాల దగ్గరైనా తెలుగు వినబడుతుంది. డాక్టరుగారు ఒడియాలో అడుగుతారు, తల్లి తెలుగులో చెప్తుంది, పక్క మంచం వాళ్లెవరో మధ్యలో అందుకుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తారు, ఇంత మాట్లాడుకున్నాక కూడా తనకేం చేయబోతున్నారో పిల్లాడికి మాత్రం ఎవరూ చెప్పరు. సూది నొప్పి క్షణంలో పోతుంది. సూది ఎప్పుడు పడుతుందో తెలియని టెన్షన్ పొద్దంతా ఉంటుంది.

వీఆర్ హెడ్‌సెట్, అంటే కళ్లకు పెట్టుకుంటే చుట్టూ ఇంకో లోకం కనిపించే పరికరం, ఈ టెన్షన్ మీద బాగా పనిచేస్తుంది. ఒక షరతు ఉంది. పగ్గం పిల్లాడి చేతిలో ఉండాలి. పిల్లాడిని ఏమార్చి పని కానిచ్చుకోవడానికి వాడితే ఆ ఒక్కసారికి పని అవుతుంది, రెండోసారి హెడ్‌సెట్ చూడగానే ఏడుపు మొదలవుతుంది. వార్డులో సాయం చేసే వాలంటీర్లు, సిస్టర్లు, మంచం పక్కన కూర్చునే అమ్మానాన్నలు, అందరికీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ముందు ఇది ఏం చేస్తుందో తెలుసుకోండి

నొప్పి తెలియాలంటే మనసు దాని మీద ఉండాలి. మనసు ఒకేసారి పట్టుకోగలిగినవి కొన్నే. 1996లో అమెరికాలోని సియాటెల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ కాలిన గాయాల రోగుల మీద ఈ ఆలోచననే ప్రయోగించారు. ఆ తర్వాత ఇలాంటి రోగుల కోసమే ‘స్నోవరల్డ్’ అనే వీఆర్ ఆట తయారైంది, గాయం శుభ్రం చేసేటప్పుడు అందులో రోగి మంచులోయలో తేలుతూ మంచుముద్దలు విసురుతుంటాడు. ఆ సమయంలో నొప్పి తక్కువగా తెలిసిందని రోగులు చెప్పారు, తర్వాత మెదడు స్కాన్లలో కూడా నొప్పికి సంబంధించిన చోట్ల చురుకుదనం తగ్గడం కనిపించింది. అప్పటి నుంచి రక్తం తీయడం, కాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టడం, డ్రెస్సింగు లాంటి సమయాల్లో పిల్లలకు దీన్ని చాలా దేశాల్లో వాడుతున్నారు.

ఇది మందు మాత్రం కాదు. 2021లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఒక వీఆర్ పద్ధతికి అనుమతి ఇచ్చింది, అది పెద్దవాళ్ల దీర్ఘకాలపు నడుంనొప్పికి, అదీ మిగతా చికిత్సతో కలిపి. కాబట్టి ‘వీఆర్ ఉందిగా, నొప్పి ఇంజెక్షన్ ఎందుకు’ అని ఎవరన్నా ఒప్పుకోకండి. మన వైపు పిల్లల్లో సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు, కనిపిస్తుంది, ఆ నొప్పి పొడిచినప్పుడు ఎలా ఉంటుందో దగ్గరుండి చూసినవాళ్లకే తెలుసు. ఆ పిల్లాడికి ముందు డాక్టరుగారు రాసిన నొప్పి మందు, సెలైన్, వెచ్చటి దుప్పటి. అవన్నీ అందాక హెడ్‌సెట్. సూది పొడిచే చోట చర్మం మొద్దుబార్చే క్రీములు ఉన్నాయి, రాసి దాదాపు గంటసేపు ఆగితే బాగా పనిచేస్తాయి. వార్డులో ఉన్నాయేమో సిస్టర్‌ని అడగండి. క్రీము, వీఆర్ రెండూ కలిస్తే పిల్లాడికి చాలా తేడా ఉంటుంది.

అనుమతులు

ఆసుపత్రి సూపరింటెండెంట్‌గారికి, పిల్లల విభాగం హెడ్‌గారికి ఒక పేజీ రాసి ఇవ్వండి: ఏ పరికరం, ఎవరికి, ఎంతసేపు, ఎవరు శుభ్రం చేస్తారు. వార్డు సిస్టర్ ఇన్‌ఛార్జిగారి ఇష్టం లేకుండా ఏదీ మొదలుపెట్టకండి, ఎందుకంటే రోజూ ఆ వార్డు నడిపేది ఆవిడే. తల్లిదండ్రుల సమ్మతి రాతలో తీసుకోండి, చదవలేని తల్లికి ఆవిడ భాషలోనే చదివి వినిపించండి. పిల్లల పేర్లు, జబ్బులు మీ ఫోన్లో దాచకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలకు అమ్మానాన్నల సమ్మతి కావాలి. హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లాడి ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టడం అసలు వద్దు, ముద్దుగా ఉన్నా సరే.

ఏ పరికరం కొనాలి

రెండు రకాలున్నాయి. ఫోన్ లోపల పెట్టుకునే చవక డబ్బా ఒకటి, మెటా క్వెస్ట్ లాగా దానంతట అది నడిచేది ఇంకొకటి.

డబ్బా రకంలో ఇబ్బందంతా ఫోన్‌తోనే. ఫోన్లో గైరోస్కోప్ సెన్సర్ లేకపోతే తల తిప్పినా బొమ్మ తిరగదు, చవక ఫోన్లలో చాలావాటికి అది ఉండదు, కొనేముందు చూసుకోండి. ఫోన్ వేడెక్కుతుంది. మధ్యలో కాల్ వస్తే మొత్తం చెడుతుంది కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మొదలుపెట్టి చూడటానికి ఇది చాలు, డ్రెస్సింగు లాంటి గట్టి పనులకు మాత్రం చాలదు.

క్వెస్ట్ రకంలో బొమ్మ నిలకడగా ఉంటుంది, తల తిరగడం తక్కువ. కానీ బరువు. క్వెస్ట్ 2 అర కిలో పైనే ఉంటుంది, చిన్న మెడకు అది ఎక్కువే, అందుకే తల వెనక మెత్తటి దిండు పెట్టి ఏటవాలుగా కూర్చోబెట్టాలి. రెండు కళ్ల మధ్య దూరం పిల్లల్లో తక్కువ. క్వెస్ట్ 2లో ఉన్నవి 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు అమరికలే, పిల్లలకు 58లో పెట్టండి, అయినా మసకగా ఉందంటే ఆ పిల్లాడికి అది సరిపడలేదనే అర్థం, బలవంతం చేయొద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి: కటకాల మీద నేరుగా ఎండ పడితే లోపలి తెర కాలిపోతుంది. వార్డు కిటికీ గట్టు మీద ఎప్పుడూ పెట్టకండి. మరీ చీకటైనా ఇబ్బందే, బయట చూసే కెమెరాలకు వెలుతురు లేకపోతే లోపలి బొమ్మ జారిపోతుంది, రాత్రిపూట మంచం దగ్గర లైటు ఒకటి వెలగాలి. ఛార్జింగ్ సుమారు రెండు గంటలు వస్తుంది, కరెంటు మీద నమ్మకం పెట్టుకోకుండా పవర్ బ్యాంక్ దగ్గర ఉంచుకోండి. నెట్ కూడా అంతే, చూపించాల్సినవన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచాలి.

వయసు సంగతి. క్వెస్ట్‌కు మెటా పెట్టిన కనీస వయసు పదేళ్లు, అదీ అమ్మానాన్నల అదుపులో ఉన్న ఖాతాతో. ఆసుపత్రి అధ్యయనాల్లో అంతకంటే చిన్నవాళ్లకు కూడా వాడారు, కానీ అక్కడ డాక్టర్లు పక్కనే ఉన్నారు. మీ వార్డులో పదేళ్లలోపు పిల్లలకు డాక్టరుగారు చూసి సరే అంటేనే పెట్టండి. నాలుగేళ్ల పాపకి సబ్బు బుడగలు, ట్యాబ్‌లో బొమ్మలు, అమ్మ ఒడి, ఇవే మేలు అని నా అభిప్రాయం.

ఎవరికి పెట్టకూడదు

దీని మీద బేరాలు వద్దు. మూర్ఛ ఉన్నవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, మెదడు ఆపరేషన్ అయినవాళ్లు లేదా తలలో షంట్ (నీరు దించడానికి పెట్టిన గొట్టం) ఉన్నవాళ్లు, వాంతులవుతున్నవాళ్లు, జ్వరం ఎక్కువగా ఉన్నవాళ్లు, కళ్లకలక ఉన్నవాళ్లు, ముఖం మీద గాయం లేదా పుండు ఉన్నవాళ్లు. ఒంట్లో పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవి లోపల అమర్చేది) లాంటి పరికరాలు ఉంటే డాక్టరుగారిని అడగకుండా పెట్టకండి. ఆటలమ్మ, తట్టు, క్షయ లాంటి అంటువ్యాధులతో విడిగా ఉంచిన పిల్లల దగ్గరికి అందరూ వాడే హెడ్‌సెట్ వెళ్లకూడదు. ఎంఆర్ఐ గదిలోకి హెడ్‌సెట్ ఎట్టిపరిస్థితుల్లోనూ తీసుకెళ్లకండి, అక్కడి అయస్కాంతం లోహాన్ని లాగేస్తుంది. ఎంఆర్ఐ అంటే భయపడే పిల్లాడికి ముందురోజు వార్డులో, ఆ గొట్టం లోపల ఎలా ఉంటుందో, ఎంత చప్పుడు చేస్తుందో వీఆర్‌లో చూపించవచ్చు. అది మంచి వాడకమే.

ఏం చూపించాలి

ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. రోలర్ కోస్టర్, కార్ల పందెం, విమానం మీద నుంచి దూకడం లాంటివి పెడతారు. ఒళ్లు కదలకుండా కళ్లకు మాత్రం కదులుతున్నట్టు కనిపిస్తే కడుపులో తిప్పుతుంది, మందుల మీద ఉన్న పిల్లాడికి ఇంకా ఎక్కువ. కెమెరా నిలకడగా ఉండాలి, వస్తువులు కదలాలి. ఈ ఒక్క నియమం పట్టుకుంటే సగం ఇబ్బందులు రావు.

సూది, డ్రెస్సింగు సమయానికి చూసేది చాలదు, చేసేది ఏదో ఉండాలి. ఒక చేతికి డ్రిప్పు ఉంటుంది కాబట్టి చూపుతోనే ఆడగలిగే ఆట కావాలి: చేప వైపు చూస్తే రంగు మారడం, బుడగ వైపు చూస్తే పగలడం. రాత్రి నిద్ర పట్టనివాళ్లకు దీనికి పూర్తిగా వ్యతిరేకం, నెమ్మదైన అలలు, ఊపిరితో పాటు పెరిగి తగ్గే వెలుగు, అదీ పడుకోవడానికి చాలా ముందే ముగించాలి.

ఇక వారాల తరబడి వార్డులోనే ఉండే పిల్లలు. వీళ్లకున్నది నొప్పి కంటే బెంగ. గుణుపురం పక్క పల్లె నుంచి వచ్చిన పిల్లాడికి పారిస్ వీధులు చూపిస్తే కాసేపు నోరు తెరుచుకుని చూస్తాడు, తర్వాత తీసేయమంటాడు. వాడికి కావలసింది వంశధార గట్టు, తన బడి వరండా, నానమ్మ కోళ్లను పిలిచే పిలుపు. 360 డిగ్రీల కెమెరా ఒకటి దొరికితే, అద్దెకైనా సరే, ఇవి మనమే తీయవచ్చు. గోపాలపురం ఇసుకలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులు పడవ తోసే దృశ్యం, పర్లాకిమిడి సంత, రంభ దగ్గర చిలికా నీళ్లు, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం (అక్కడ అటవీశాఖ అనుమతితోనే, లైట్లు లేకుండా, దూరం నుంచి). ఇవి ఒక్కసారి తీసిపెట్టుకుంటే ఏ పిల్లాడికైనా పనికొస్తాయి.

తీసేటప్పుడు కెమెరాను స్టాండు మీద కూర్చున్న పిల్లాడి కళ్ల ఎత్తులో పెట్టి, మీరు పక్కకు తప్పుకోండి. కదల్చకండి. మూడు నాలుగు నిమిషాలు చాలు. చప్పుళ్లు ఉండనివ్వండి, పాట కలపకండి, మేకల అరుపు, బోరింగు చప్పుడే అక్కడ ప్రాణం. ఎవరి ఇల్లు తీస్తున్నారో వాళ్లనడిగి తీయండి. యూట్యూబ్‌లో పెట్టకుండా కేబుల్‌తో హెడ్‌సెట్‌లోకి ఎక్కించండి.

పిల్లాడి సొంత ఇల్లు చూపించే ముందు తల్లిని పక్కకు పిలిచి అడగండి, ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా, గొడవలేమైనా ఉన్నాయా అని. చూస్తూ పిల్లాడు ఏడిస్తే కంగారుపడి లాక్కోకండి. ‘తీయమంటావా, ఇంకాసేపు చూస్తావా’ అని అడగండి. చాలామంది ఏడుస్తూనే ఇంకాసేపు అంటారు, అది మంచి ఏడుపే.

పెట్టే ముందు మాట్లాడాలి

హెడ్‌సెట్ ముందు తల్లి పెట్టుకోవాలి. అమ్మ పెట్టుకుని ‘అబ్బ, చేపలురా’ అంటే పిల్లాడికి సగం భయం పోతుంది. తర్వాత వాడి చేతికివ్వండి, తిప్పి చూసుకోనివ్వండి, పట్టీ కట్టకుండా చేత్తో కళ్ల దగ్గర పట్టుకుని చూసి తీసేయనివ్వండి. తనంతట తాను తీసేయగలనని తెలిసిన పిల్లాడే పెట్టుకుంటాడు.

ఏం జరగబోతుందో వాడి భాషలో చెప్పండి. తెలుగు పిల్లాడికి తెలుగులో, సవర పిల్లకి సవర తెలిసినవాళ్లతో. ‘నొప్పి ఏం ఉండదు’ అనకండి, అది అబద్ధం. ‘చీమ కుట్టినట్టు ఒకసారి చురుక్కుమంటుంది, నేను మూడు లెక్కపెట్టాకే సిస్టర్ గుచ్చుతారు’ అని చెప్పండి. చెప్పకుండా గుచ్చవద్దు. హెడ్‌సెట్ కట్టి, కళ్లు మూసి, చెప్పకుండా సూది వేస్తే మోసపోయానని పదేళ్ల పిల్లకి బాగా అర్థమవుతుంది, మళ్లీ మిమ్మల్ని నమ్మదు.

ఆపమనే గుర్తు ఒకటి పెట్టుకోండి. ఖాళీగా ఉన్న చేత్తో మంచం పట్టీ కొట్టడమో, కీచుమనే బొమ్మ నొక్కడమో. పెట్టుకుని ఊరుకోకుండా, అసలు పనికి ముందు ఒకసారి పరీక్షించాలి. సిస్టర్ చెయ్యి పట్టుకుని దూదితో తుడుస్తుండగా పిల్లాడు బొమ్మ నొక్కుతాడు, ఆవిడ రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరుగుతారు. ఆ క్షణంలో పిల్లాడి ముఖం చూడాలి, ఇంతమంది పెద్దవాళ్లు నా మాట విన్నారన్న ఆశ్చర్యం. దీనికి పట్టేది అర నిమిషం. ఓపీ రద్దీలో సిస్టర్లకు అంత ఖాళీ ఎక్కడుంటుందని అంటారు, కానీ పెనుగులాడే పిల్లాడిని నలుగురు కలిసి పట్టుకోవడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

సూది లేదా డ్రెస్సింగు సమయంలో

మరిగే గంజి ఒలికి కాలు కాలిన పిల్లకి డ్రెస్సింగు మార్చడం అనుకుందాం. నొప్పి మందు ఇచ్చి అది పట్టేదాకా ఆగండి. తల వైపు మంచం ఎత్తండి. జుట్టుకి టోపీ, ముఖానికి వాడి పారేసే కవరు, దాని మీద హెడ్‌సెట్. పట్టీ వదులుగా కట్టండి, డ్రిప్పు గొట్టం పట్టీకి తగలకుండా ఎదుటి వైపు నుంచి పోనివ్వండి. లోపల ఏం కనిపిస్తుందో ఫోన్‌కి కాస్ట్ చేసి, అంటే అదే బొమ్మ ఫోన్ తెర మీద వచ్చేలా పెట్టి, మీరూ చూడండి, అప్పుడే ‘ఎర్ర చేప నీ ఎడమ పక్కకి వెళ్లింది చూడు’ అనగలుగుతారు.

శబ్దం తక్కువ పెట్టండి. చెవి దగ్గర మీ మాట వినబడాలి. లోపల వచ్చే మాటలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, పూర్తిగా ఆపేసి మీరే తెలుగులో కథ నడపడం మేలు. మాట్లాడేది ఒక్కరే, అందరూ ధైర్యం చెప్తే గోలవుతుంది. అమ్మ చెయ్యి పిల్ల భుజం మీద ఉండాలి, కళ్లు కనిపించనప్పుడు ఆ చెయ్యే ఆధారం.

ఆట మొదలై రెండు మూడు నిమిషాలు గడిచాక, పిల్ల అందులో పడ్డాక, సిస్టర్‌కి సైగ చేయండి. అతికిపోయిన గాజుగుడ్డ తడిపి తీసే సమయమే కష్టమైనది. దానికి ముందు చెప్పండి: ‘ఇప్పుడు తడి తగులుతుంది, తర్వాత లాగినట్టుంటుంది, చేపల్ని వదలకు.’ కొందరు పిల్లలు మాత్రం చూడాలంటారు, గాయం కనిపించకపోతేనే వాళ్లకు భయం ఎక్కువ. అలాంటి పిల్లలకు వీఆర్ వద్దు. చూడనివ్వండి, లెక్కపెట్టనివ్వండి, తడి గుడ్డ పట్టుకునే పని వాళ్లకే ఇవ్వండి.

మొదటిసారి ఐదు నిమిషాలు, తర్వాత పదీ పదిహేను, అంతకు మించొద్దు. పిల్లలు కడుపులో తిప్పుతోందని చెప్పరు, ఆట పోతుందని. మాట తగ్గిపోవడం, ఆవులింతలు, పెదాలు పాలిపోవడం, నుదుటి మీద చెమట, వీటిలో ఏది కనిపించినా ఆపేయండి.

తీశాక

ఒక్కసారిగా లాగేయకండి. ‘చేపలకు టాటా చెప్పు, పది లెక్కపెట్టి తీద్దాం’ అనండి. తీసిన వెంటనే నడవనివ్వకండి, కొంచెం నీళ్లిచ్చి, కాసేపు కూర్చోబెట్టండి. తర్వాత అడగండి: ఏం చూశావ్? నొప్పి ఎంత ఉంది, ఈ ముఖాల బొమ్మల్లో ఏది? నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు ముఖాలుండే వాంగ్-బేకర్ బొమ్మల పట్టీకి భాషతో పెద్దగా పని లేదు. కొందరు అసలు నొప్పి కంటే ‘మళ్లీ ఎప్పుడు చేస్తారు’ అనే అడుగుతారు. తెలిస్తే రోజు చెప్పండి, తెలియకపోతే డాక్టరుగారిని అడిగి చెప్తానని చెప్పి, నిజంగా అడిగి వచ్చి చెప్పండి.

శుభ్రం

ప్రతి పిల్లాడికీ కొత్త ముఖం కవరు, కొత్త జుట్టు టోపీ. పేలు, గజ్జి ఈ వార్డుల్లో మామూలే, సిగ్గుపడాల్సింది కాదు, జాగ్రత్త పడాల్సింది. గుడ్డ దిండు తీసేసి తుడవడానికి వీలైన సిలికాన్ కవరు వేయండి. పట్టీ, కంట్రోలర్లు క్రిమినాశక వైప్స్‌తో తుడిచి ఆరనివ్వండి. కటకాలకు స్పిరిట్ తగలనీయకండి, పొర చెడిపోతుంది. వాటికి పొడి మైక్రోఫైబర్ గుడ్డే. వర్షాకాలంలో కళ్లకలకలు మొదలైతే ఆ కొన్నాళ్లు హెడ్‌సెట్ అల్మారాలో పెట్టేయడమే నయం.

రాసిపెట్టుకోవడం

వార్డులో ఒక నోటుపుస్తకం. పేరు బదులు మంచం నంబరు, తేదీ, ఏం చూపించారు, ఎంతసేపు, ముందు ఏ ముఖం, తర్వాత ఏ ముఖం, తల తిరిగిందా. ఎవరికి పనిచేయలేదో కూడా రాయండి, డాక్టరుగారికి చూపించేటప్పుడు మీ మాటకు విలువ దానితోనే వస్తుంది.

సికిల్ సెల్, తలసేమియా (ఇదీ పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బే) పిల్లలు మళ్లీ మళ్లీ వస్తారు, వచ్చిన ప్రతిసారీ సిస్టర్ మారిపోయి ఉండవచ్చు, వాలంటీర్ ఉండకపోవచ్చు. అందుకని ఇంటికి పంపేటప్పుడు ఒక చీటీ రాసి తల్లి దాచుకునే ఆసుపత్రి పుస్తకంలో అంటించండి: ఈ పాపకి తెలుగులో చెప్పాలి, చేపల ఆట ఇష్టం, ఎడమ చేతి నరం దొరుకుతుంది, మూడు లెక్కపెట్టాక గుచ్చాలి, బొమ్మ నొక్కితే ఆపాలి. కింద అదే ఒడియాలో, తెలిసినవాళ్ల చేత రాయించండి.